డెబ్బై దాటితే సంతకం కావాలట

హార్బిన్, నవంబరు 12

ప్రియమైన షూలాన్ అక్కకి,

నది గడ్డకట్టింది. ఈత సంఘం వాళ్ళు నిన్ననే రంపాలతో మంచు కోసి మా మడుగు తయారుచేశారు. పదకొండేళ్ళుగా ప్రతి చలికాలం అందులో దిగుతున్నదాన్ని, ఈ ఏడు నన్ను ఒడ్డునే ఆపేశారు. డెబ్బై దాటితే ఇంట్లోవాళ్ళ సంతకం కావాలట! మా అబ్బాయి ఛాంగ్‌మిన్‌ని అడిగితే, "అమ్మా, నీ చావు కాగితం మీద నా చేత సంతకం పెట్టిస్తావా?" అన్నాడు. వాడికి ఈత నేర్పిందే నేను!

నార మిల్లులో ముప్పై ఏళ్ళు పక్కపక్కన నిలబడి నూలు వడికాం. నువ్వు నాకు అక్కవి కాక ఎవరివి? ఈ ఉత్తరంతో పెట్టిన అనుమతి కాగితం మీద 'అక్క' అని రాసి, సంతకం పెట్టి పంపు.

మొండిఘటం
యూచిన్

జీనాన్, నవంబరు 25

చెల్లీ యూచిన్,

పెట్టను. డెబ్బై ఒకటో ఏట మంచులో దిగి ఎవరిని ఉద్ధరించాలి? నన్ను చూసి నేర్చుకో. మోకాళ్ళు పట్టేశాయని మంచం దిగడమే మానేశాను. కోడలు లీహువా జావ దగ్గర్నుంచి అన్నీ చేతికందిస్తుంది. కిటికీలోంచి వీధి చూస్తూ రాణిలా ఉన్నాను. చెయ్యి వణుకుతోందని ఈ ఉత్తరం కూడా మనవరాలి చేత రాయిస్తున్నాను.

నువ్వూ బుద్ధిగా ఇంట్లో కూర్చో.

నీ మేలు కోరే
షూలాన్

హార్బిన్, డిసెంబరు 6

రాణీగారికి,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. నూలు కండెల బుట్టలు చంకకొకటి పెట్టుకుని మూడంతస్తులు ఎక్కిన షూలాన్‌వి నువ్వేనా? "ఆడవాళ్ళు మెల్లగా ఎక్కండి" అని మేస్త్రీ అంటే, "నువ్వు పక్కకి తప్పుకుంటే తొందరగా ఎక్కుతాం" అన్నదెవరే? ఇప్పుడు జాడీలో ఊరేసిన క్యాబేజీలా మంచానికి అంటుకుపోయావా?

రేపు గుమ్మం దాకా నడు. ఎల్లుండి వాకిలి దాకా. లేవకపోతే నాకు ఉత్తరం రాయకు.

కోపంగా
యూచిన్

జీనాన్, ఫిబ్రవరి 3

ఒసే రాక్షసీ,

రెండు నెలలు రాయలేదు, అలిగాననుకుని ఉంటావు. అలిగాను కూడా. ఈ వంకర అక్షరాలు చూశావా? ఎడమచేతివి. మోకాళ్ళు కాదే, పక్షవాతం. సెప్టెంబరులో కుడిపక్క పడిపోయింది. నువ్వు జాలిపడతావని చెప్పలేదు. ఎవరి జాలినైనా మింగుతాను గానీ నీది మింగుడుపడదు.

నీ ఉత్తరం చదువుతూ మనవరాలు క్యాబేజీ దగ్గర ఆగిపోయింది, పాపం. ఆ కోపంతోనే మంచం దిగాను. మూడో అడుగుకి పడ్డాను. లీహువా ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి, "అత్తయ్యా, మీకేమైనా అయితే మీ అబ్బాయికి ఏం చెప్పను?" అంది. "మీ అమ్మ నడిచిందని చెప్పు. ఏడ్చే తీరికుంటే ఈ రెక్క పట్టుకో" అన్నాను. వైద్యుడు ఎప్పుడో చెప్పిన కసరత్తులు ఇప్పుడు రోజూ చేస్తున్నాను. ఇవాళ కర్ర ఊతంతో, లీహువా పక్కనుండగా, వీధి మలుపు దాకా వెళ్ళొచ్చాను.

సంతకం పెడదామనే నీ కాగితం తీశాను. అందులో వైద్యుడు నింపాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఎందుకే? నా నిజం నేను చెప్పాను. నీది చెప్పు.

షూలాన్

హార్బిన్, ఫిబ్రవరి 15

అక్కా,

తెలియక ఎన్ని మాటలన్నానో! ఏడ్చాను. ఇంకా రాస్తే తిడతావు, ఆపేస్తున్నాను.

నా గుండె లయ తప్పుతోందట. "నడవండి, ఈదండి, మంచునీళ్ళు మాత్రం వద్దు" అన్నాడు వైద్యుడు. ఛాంగ్‌మిన్‌కి ఆ సంగతి తెలుసు. వాణ్ణి దుర్మార్గుడిలా నీ ముందు నిలబెట్టాను. ముసలిదానివైపోయావని ఒక కాగితం చెబితే ఒప్పుకోబుద్ధి కాలేదు అక్కా, అంతే.

కానీ ఈదొద్దనలేదుగా! మీ ఊరి ఊటనీళ్ళ కొలను ఏడాది పొడుగునా గడ్డకట్టదటగా. మా నది ముందు అది పసిపిల్లల స్నానాల తొట్టి. పరవాలేదు, ఏప్రిల్‌లో వస్తున్నాను. ఛాంగ్‌మినే రైలు టిక్కెట్టు తెచ్చాడు. నువ్వూ నీళ్ళలో దిగొచ్చో లేదో మీ వైద్యుణ్ణి అడిగి ఉంచు.

నీ చెల్లి
యూచిన్

జీనాన్, మే 20

ప్రియమైన చెల్లీ,

నువ్వు రైలెక్కి పదిరోజులైంది. నేల మీద ఈడ్చుకునే నా కాలు నీళ్ళలో మొదటిసారి తేలినప్పుడు నేను పెట్టిన కేకకి, ఒడ్డున చదరంగం ఆడే ముసలాళ్ళు లేచి నిలబడ్డారు, గుర్తుందా? వాళ్ళిప్పుడు నన్ను చూస్తే నమస్కారం పెడుతున్నారు.

ఈ పొద్దుటి సంగతి విను. లీహువా బజారుకెళ్ళింది. నేను కర్ర తీసుకుని ఒక్కదాన్నే కొలనుకి బయల్దేరాను. పావుగంట దారి గంటన్నర పట్టింది. రెండుసార్లు అరుగుల మీద కూలబడ్డాను. ఒకసారి కూరగాయల బండి పట్టుకుని నిలబడితే, అమ్మే ఆవిడ, "ఏం కావాలి అవ్వా?" అంది. "ఊపిరి" అన్నాను.

కొలను కాపలాదారు దారికి అడ్డొచ్చాడు. "అవ్వా, ఒక్కరే వచ్చారా? ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారా?"

"డెబ్బై మూడేళ్ళు వచ్చాయి నాయనా, ఇంకా ఎవరొప్పుకోవాలి? అంత బెంగగా ఉంటే వచ్చి పక్కన నిలబడు."

నిలబడ్డాడు. కమ్మీ పట్టుకుని మెట్లు దిగాను. లీహువా రొప్పుతూ వచ్చేసరికి ఛాతీలోతు నీళ్ళలో ఉన్నాను. తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టకుండానే చెప్పులు విడిచి, మెట్టు మీద కూర్చుని తనూ కాళ్ళు నీళ్ళలో పెట్టింది.

వచ్చేటప్పుడు కాపలాదారు దిగులుగా అడిగాడు: "అవ్వా, రేపు కూడా వస్తారా?"

"రేపు ఇంకా పెందలాడే వస్తాను. గేటు తీసి ఉంచు."

తల ఇంకా ఆరని
నీ షూలాన్ అక్క