నేల చూపుల రాణి

3 ఫిబ్రవరి 1954, బుధవారం

రాజధాని వచ్చినప్పటి నుంచి కర్నూలులో అద్దె ఇల్లు దొరకడం గగనమైపోయింది. చివరికి కల్లూరులో ఒక గది కుదిరింది. ఇంటావిడ నాగక్క. ఆమె భర్త గోపన్నది సేద్యం. నేను పాఠాలు చెప్పే బడికి నడక ఎక్కువే. నా లక్క అచ్చుల డబ్బా మాత్రం పగలకుండా చేరింది. అదొక్కటి చేరితే చాలు.

7, ఆదివారం

ప్రార్థన నుంచి వచ్చేసరికి నాగక్క బావి దగ్గర నీళ్లు తోడుతోంది. వంగినప్పుడు తాళిబొట్ల పక్క నుంచి ఒక బంగారు బిళ్ళ బయటికి జారింది. దాని మీద ఆడమనిషి ముఖం. అంచున రోమన్ అక్షరాల్లో 'ఫౌస్తీనా'.

రోమ్ రాణి! కల్లూరు బావిగట్టు మీద!

రాజుల నాణేలు పోగేసేవాళ్లు ఊరికొకరు ఉంటారు. నాకు రాణులే కావాలి. కొనే స్తోమత లేదు కాబట్టి లక్క కరిగించి అచ్చు తీసుకుంటాను. మద్రాసు మ్యూజియంలో అందరినీ బతిమాలి తీసుకున్నవే అన్నీ. ఫౌస్తీనా ఒక్కతే లేదు. అందుకే ఆగలేక నాగక్క మెడ మీద పడ్డాను. పాపం, బిందె ఒలికిపోయింది.

8, సోమవారం

ఫౌస్తీనాలు ఇద్దరు, తల్లీ కూతురూ. ఇద్దరూ చక్రవర్తుల భార్యలే. జుట్టు ముడి నడినెత్తిన ఉంటే తల్లి, మెడ దగ్గర ఉంటే కూతురు. ఈమెకు నెత్తి మీద ఏళ్ల నాటి పసుపు కుంకుమ గట్టిపడి ఉంది. మెడ వెనక, తాడుకు గుచ్చేందుకు కంసాలి అతికించిన కొండి వెడల్పుగా కూర్చుంది. దాని కింద ఇంకో మాట ఉండాలి. అది చదివితే ఎవరో తేలిపోతుంది. కొండి అక్కడ ఉండటంతో బిళ్ళ అడ్డం తిరిగి, రాణి ఎప్పుడూ నేల చూపులే.

ఒక్క పూట తీసిమ్మన్నాను. నాగక్క ముఖం మాడిపోయింది.

10, బుధవారం

సంగతి ఇప్పుడు తెలిసింది. అది సవతి బిళ్ళ. గోపన్న మొదటి భార్య సుబ్బరత్నమ్మ కాన్పులో పోయిందట. పోయినామె ముఖమున్న బిళ్ళను రెండో భార్య మెడలో వేసుకుని రోజూ బొట్టు పెట్టి మొక్కాలి, లేకపోతే అలిగి ఇంటి మీదికి వస్తుందట. మామూలుగా కంసాలి ముఖం చెక్కుతాడు. గోపన్నకు వాన వెలిశాక చేలో ఈ నాణెం దొరికింది. ఆడముఖం సిద్ధంగానే ఉంది కదా అని కొండి అతికించేశారు! ఆ చూపు ఇంట్లోవాళ్ల మీద పడకుండా నేలకు తిప్పారు.

నాగక్కకు ఇప్పుడు ఐదో నెల. బిళ్ళ తీస్తే కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని భయం. నేను క్రైస్తవురాలిని, నాకు ఈ నమ్మకాలు లేవు. అయినా ఆ కళ్లు చూశాక మళ్లీ అడగలేకపోయాను. ఆశ మాత్రం చావలేదు. సిగ్గు లేదు నాకు.

12, శుక్రవారం

తల్లా? కూతురా? ఇవాళ క్లాసులో అక్బరు భార్య పేరు ఫౌస్తీనా అనేశాను. పిల్లలు రాసేసుకున్నారు కూడా.

16, మంగళవారం

కృపమణమ్మా రా అని నాగక్కే పిలిచింది. కొండి అరిగి ఊడేలా ఉందట. బిళ్ళ బావిలో పడితే ఇంకా ముప్పు. గురువారం తాడు మార్చుకునేటప్పుడే కంసాలిని పిలిపిస్తుందట. ఆ కాసేపట్లో గబగబా చూసుకోమంది. గట్టిగా వాటేసుకున్నాను.

18, గురువారం

నాగక్క పసుపుకొమ్ము కట్టుకుని పాత తాడు తీసింది. కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. కంసాలి కొండి ఊడదీశాడు. దాని కింద, నిన్న కొట్టినంత కొత్తగా, 'దివా'. కుంకుమ గీకితే నడినెత్తిన ముడి. తల్లి! తల్లి ఫౌస్తీనాయే! లక్క పడి వేలు కాలినా తెలియలేదు. అచ్చు తీసుకున్నాను.

ఏమని రాసుందని నాగక్క అడిగింది. చెప్పాను. ఈమె పోతే, భర్త అయిన చక్రవర్తి దేవతను చేసి గుడి కట్టించాడు, ఆమె ముఖంతో నాణేలు కొట్టించాడు, దివా అంటే దేవతైనామె అని.

"ఆయప్ప మళ్లా పెండ్లి చేసుకున్యాడా?"

లేదన్నాను. నాగక్క బిళ్ళను అరచేతిలోకి తీసుకుంది.

"అయితే ఈమెకు బొట్టు పెట్టేదానికి ఎవురూ లేకపోయిరే. అందుకే ఈడికొచ్చింటాది."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఈసారి కొండి నెత్తి మీద పెట్టమంది, చూపు నేరుగా ఉండేలా. కంసాలి వెనకాడితే, మా అక్క సంగతి నేను చూసుకుంటానంది. బిళ్ళకు బొట్టు పెట్టింది. నా లక్క అచ్చుకు కూడా పెట్టింది.

21, ఆదివారం

డబ్బాలో అచ్చు సర్దుతుంటే వేలికి కుంకుమ అంటింది. కడుక్కోకుండానే ప్రార్థనకు వెళ్లాను.