నిన్న నేను అరిచాను

నాన్నగారికి, నేను క్షేమం. "బంతాట కోసం పరాయి దేశానికి అంత ఖర్చా?" అని రాశారు. మొన్నటిదాకా నాకూ అదే అనుమానం. మా సాఫ్ట్‌బాల్‌లో పైకి లేచిన బంతిని పట్టేవాళ్ళు "నాదీ!" అని అరవాలి, లేకపోతే ఇద్దరు ఢీకొంటారు. నేను నోరు పెగలక ఎప్పుడూ పక్కకి తప్పుకునేదాన్ని. నిన్న అరిచాను, పట్టాను కూడా! "ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచావే తల్లీ?" అని కోచ్ మేడమ్ నన్ను ఆ దేశానికి ఆడటానికి వెళ్ళే జట్టులో వేసుకున్నారు. ఆ ఖర్చు దండగ కాదు నాన్నా, వెళ్తాను. సగం నా ట్యూషన్ల డబ్బుతో సర్దుతాను. ఒప్పుకుంటే శుక్రవారంలోగా సంతకం చేసిన అనుమతి కాగితం పంపండి. అమ్మ మోకాలు ఎలా ఉంది? నా పుస్తకాల బీరువా తాళం చెల్లికి ఇవ్వకండి. నానమ్మకి నమస్కారాలు. ఆవిడకి వినపడదు కదా, ఈ కార్డు గట్టిగా చదవండి. "నాదీ" అన్నచోట మరీ గట్టిగా.

మీ అమ్మడు