మూల మడి గోధుమలు

ప్రియమైన శ్రీవారికి,

"ప్రియమైన" అని అలవాటు కొద్దీ రాశాను, పొంగిపోకండి. మీ ఫోను కావాలనే ఎత్తడం లేదు. ఎత్తితే అరుస్తాను. ఈ హాస్టల్ గోడలు మరీ పలచన, అందుకే కాగితం మీద అరుస్తున్నాను.

నిన్న మీరు ఏదో మీటింగుకి వెళ్లారని తెలిసే మీ విత్తనాల ఫారానికి వచ్చాను. నా మొక్కలు చూసుకుని, చప్పుడు చేయకుండా మీ వంటింట్లో కూర్చుని, మీరొచ్చాక ఆటపట్టిద్దామనుకున్నాను. మూల మడి దగ్గరికి వెళ్తే ఏముంది? దున్నేసిన నేల! ఒక్క దుబ్బు లేదు. గట్టు మీద కూలీ ఆడవాళ్లని అడిగితే, "అయ్యగారే పీకించేశారమ్మా, కంకి తేడాగా ఉంది కదా, అందుకేమో" అన్నారు. మీ గడప తొక్కకుండా తిరుగు బస్సెక్కాను.

తేడాగా ఉండాలనే కదండీ పెంచింది! మీకు ఎన్నిసార్లు చెప్పాను? మొక్క జానెడు కూడా లేనప్పుడే, కాండం లోపల, ఆవగింజ కన్నా చిన్నగా కంకి మొదలవుతుంది. కణుపుకి గింజలు పట్టే చిరుకంకులు ఎన్ని పుట్టాలో అక్కడే తేలిపోతుంది. "ఒక్కటి చాలు, ఇక ఆగు" అని అదుపు చేసే జన్యువు ఒకటుంది. గోధుమలో దానికి మూడు నకళ్లు. ఒకటి నోరు మూసుకుంటే మిగతా రెండూ ఆ పని కానిచ్చేస్తాయి. మూడింటి నోరూ మూయించడానికి ఏళ్ల తరబడి మొక్కకీ మొక్కకీ సంకరం చేస్తూ కూర్చున్నాను. పోయినేడు దక్కింది ఒక్క మొక్క. దాని గింజలన్నీ మీ మీద భరోసాతో మీ మూల మడిలో నాటాను.

తేడా మొక్కల్ని ఏరి పారేయడమే మీ ఉద్యోగం, కాదనను. కానీ పెళ్లాం మొక్కకీ, విత్తనంలో కల్తీగా వచ్చిన బెరకు మొక్కకీ తేడా తెలియకుండా పోయిందా? వచ్చే నెల మా పరిశోధన కేంద్రానికి కమిటీ వస్తోంది. నా ఉద్యోగం ఉంచాలో ఊడగొట్టాలో ఆ మొక్కలు చూసే తేలుస్తారు. ఇప్పుడు వాళ్లకి ఏం చూపించను, నా మొహమా?

ఇట్లు,
ఒళ్లు మండిపోతున్న మీ ఆవిడ

*

నా చిటపటకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి భయమేసింది, రెండోసారి కోపమొచ్చింది. నీ మీద కాదులే.

పీకించింది నేనే. కానీ నా అంతట నేను పీకించలేదు. పోయిన వారం మీ డైరెక్టరు గారు జీపులో వచ్చారు. బాగున్న దుబ్బులు నాలుగైదు, వేళ్లు చెదరకుండా మట్టిగడ్డతో సహా తవ్వించి జీపెక్కించుకున్నారు. "ఆవిడ పనైపోయిందండీ, మిగతావి తీయించి తగలబెట్టండి, మీ విత్తనం కల్తీ అవుతుంది" అన్నారు. "ఆవిడకి తెలుసా సార్?" అని అడిగాను. "ఆవిడే చెప్పమంది" అన్నారు. అంత పెద్దమనిషి నా మొహం మీదే అబద్ధమాడతాడని నాకెలా తెలుస్తుంది? నీకు ఫోను చేస్తే కలవలేదు. పనివాళ్లు ఎదురుగా నిలబడి ఉన్నారు, సరే కానివ్వమన్నాను.

ఒక్క రోజు ఆగి ఉండాల్సింది. తిట్టు, పడతాను. కానీ అన్నం మానేయకు. నీకు కోపమొస్తే ముందు తిండి మీదే చూపిస్తావు.

నీ వాడు

*

ప్రియమైన శ్రీవారికి,

తిన్నాను. తినకపోతే ఆ మనిషితో పోట్లాడే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

తిన్నగా ఆయన గదికే వెళ్లి అడిగేశాను. "నేనా వైపే వెళ్లలేదమ్మా. మీ ఆయన పొరపాటు చేసి నా మీదకి తోస్తున్నాడు. ఇంటి గొడవలు ఇంట్లో తేల్చుకోవాలి" అన్నాడు. పక్కనే ఉన్న గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఏళ్ల కష్టం బూడిదైతే, అది మొగుడూ పెళ్లాల గొడవట!

ఆయన సొంత గాజు గదికి తాళం ఉంది. అద్దానికి ముక్కు ఆనించి చూశాను. కుండీల్లో నా మొక్కలు! కణుపుకి రెండేసి చిరుకంకులు. నా పిల్లల్ని నేను గుర్తుపట్టనా? చీటీల మీద మాత్రం ఆయన పేరు. "రెట్టింపు పంట" అని కమిటీకి చెబుతాడట. చిరుకంకులు రెట్టింపైతే పంట రెట్టింపైపోతుందా? గింజ నిండుతుందో తాలు పోతుందో కోతదాకా ఆగి తూకం వేస్తే కదా తెలిసేది! కన్నదాన్ని, నాకే తెలియదు. ఎత్తుకుపోయినవాడికి తెలిసిందట.

ఇంకా వినండి. ఫారం వాళ్ల నిర్లక్ష్యం వల్లే మొక్కలు పోయాయని మీ మీద ఫిర్యాదు రాసిపెట్టాడు. నేను సంతకం పెడితే నాకు ఇంకో ఏడాది ఉద్యోగం ఇప్పిస్తాడట. ఆ కాగితం ఆయన మొహాన పడేసి వచ్చాను. కమిటీ ముందు జరిగింది జరిగినట్టు చెబుతాను. మిమ్మల్ని అడిగితే మీరూ నిజమే చెప్పండి. అంతకు మించి ఏమీ చేయొద్దు. నన్ను నమ్మండి, చాలు.

ఇట్లు,
మీ ఆవిడ

*

నా చిటపటకి,

నువ్వు ఆయనతో తలపడితే గెలుస్తావని నాకు తోచడం లేదు. ఆయన మాటకీ మన మాటకీ అక్కడ ఒకటే విలువ కాదు. నా ఉద్యోగానికి ఒక మెమో పడినంత మాత్రాన కొంప మునిగిపోదు. నువ్వు మాత్రం ఆ మైక్రోస్కోపు లేకపోతే బతకలేవు.

నువ్వు సంతకం పెట్టే అవసరం లేకుండా నేను చూసుకున్నాను. కంగారు పడకు. ఆ రోజు నీలం చీర కట్టుకుని వెళ్లు, బాగుంటావు.

నీ వాడు

*

ఏమండీ,

నీలం చీరే కట్టుకున్నాను. ఇప్పుడు దాని నిండా మట్టే.

నేను నోరు తెరిచి జరిగింది చెబుతున్నానా, కమిటీ పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది. "మీ ఆయనే మాకు రాశారు కదమ్మా" అంటూ మీ ఉత్తరం పైకి చదివింది. "బెరకు మొక్కలనుకుని నా నిర్లక్ష్యంతో అన్నీ పీకించి తగలబెట్టించాను. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు. దయచేసి ఆవిడకి ఇంకో అవకాశం ఇవ్వండి." ఇంకెవరి తప్పూ లేదా! అందరూ నా వైపు జాలిగా చూశారు. "పాపం, నిజాయితీపరుడు" అని డైరెక్టరు మిమ్మల్ని మెచ్చుకున్నాడండీ. ఆ మెచ్చుకోలు వింటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మీరు అబద్ధమాడగా నేనెన్నడూ చూడలేదు. అలాంటి మనిషిని నిండు సభలో "మా ఆయన అబద్ధం రాశాడు" అని నా నోటితో అనాల్సి వచ్చింది. అన్నీ కాలిపోయాయని మీరే రాశాక, కుండీల్లోవి నావంటే ఎవరూ నమ్మలేదు. ఇక ఏం చేయను? బల్ల మీద డైరెక్టరు ప్రదర్శనకి పెట్టిన కుండీ ఒకటి తీసి బోర్లించాను. పైపైన మా ల్యాబు నల్ల ఎరువు. లోపల వేళ్లని పట్టుకుని, ముద్దలా, మీ ఫారం ఎర్రమన్ను! మా ఆవరణంతా గాలించినా ఆ మన్ను చిటికెడు దొరకదు. "ఇదెక్కడిదండీ?" అని పెద్దావిడ అడిగింది. మూల మడిదేనని నేను చెప్పాను. డైరెక్టరు గబగబా ఆ మన్ను మళ్లీ కుండీలోకి ఎత్తబోయాడు.

కుండీలు నా గదికి వచ్చాయి. చీటీల మీద నా పేరు పడింది. గింజ నిండేదాకా ఆగి తూకం వేయమన్నారు. ఆయన సంగతి పైవాళ్లు చూస్తారట. మీకు సంతోషమేగా?

ఆగండి, అప్పుడే సంతోషపడకండి. ఆ పెద్దావిడే చివర్లో ఇంకో మాట అడిగింది: "మరి కమిటీకి తెలిసి తెలిసీ అబద్ధం రాసిచ్చిన ఫారం అధికారి సంగతేమిటి?" నోటీసు ఈపాటికి మీకు అంది ఉంటుంది. మెమో కాదు, సస్పెన్షనట, ఆపైన విచారణట. దొంగ చేసిన పనికి కాదు, మీరు చేసిన త్యాగానికి! ఆ కుండీ బోర్లించాలని నాకు తట్టకపోతే, మీ ఉత్తరంతోనే ఆయన నన్ను పూడ్చిపెట్టేవాడు. తెలుస్తోందా మీకు?

ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది. ఏది ముందో తేల్చుకోలేక ఈ కాగితం పాడుచేస్తున్నాను. విచారణ రోజు సెలవు పెట్టి వస్తున్నాను. మీ పక్క కుర్చీలోనే కూర్చుంటాను. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు చెప్పేదాకా మీతో మాట్లాడను.

నన్ను కాపాడమని మిమ్మల్ని నేను అడగలేదండీ. నమ్మమని అడిగాను. కాపాడడం కన్నా అదే కష్టమనిపించిందా మీకు?

ఇట్లు,
మీదే అయిన నేను