వెనకసీటు కింద చప్పుడు

రాజమండ్రి,
12-8-2003

హనుమంతరాజు గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం అందగానే కారు తాళాలు బీరువాలో పెట్టేయండి. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి.

నిన్న మీరు షెడ్డుకొచ్చి, నా చేత పెద్ద సైలెన్సర్ పైపు వేయించినప్పటి నుంచి వెనకసీట్లో పాపకి తల తిరుగుతోందని, సీటు కింద ఏదో బుస్సుమంటోందని తను అంటోందని చెప్పారట. నేను నవ్వుతూ తలూపాను. మీరు వెళ్లాక మా ఆవిడ చెబితే గానీ నాకు తెలియలేదండి. రెండేళ్లుగా నాకు సరిగా వినపడదు. తెలిస్తే మీలాంటివాళ్లు టర్బో కార్లు నా దగ్గరికి తీసుకురారని దాచాను.

పైపు మార్చడం తప్పు కాదండి. బిగించాక పైపు జాయింటులో పొగ లీకైతే ఇదివరకు చెవితోనే పట్టేవాణ్ణి. ఈసారి ఏమీ వినపడలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాను. ఆ పొగలో ఉండే విషానికి వాసన కూడా ఉండదు.

మా ఆవిడ ఫోన్ చేస్తే కలవలేదు, నేను చేస్తే మీ మాట నాకు అందదు, అందుకే దీన్ని మీ భీమవరం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. రేపు పొద్దున్నే సామాను తీసుకుని వస్తాను. కారుని ఆరుబయట పెట్టించి, పాపని పొగ తగలకుండా, చప్పుడు మాత్రం వినపడేంత దూరంలో అరుగు మీద కూర్చోబెట్టండి. చప్పుడు ఆగిందని తను చెయ్యెత్తి చూపించేదాకా నేను కారు కింద నుంచి లేవను.

ఇట్లు,
మీ మెకానిక్