బల్ల మీది ముతక గుడ్డ

మార్చి 3
మూతపడిన ఉన్ని మిల్లును ఇప్పుడు మేమే నడుపుకుంటున్నాం. ఐదుగురితో కమిటీ వేశారు. మగ్గం తప్ప మరో లోకం తెలియని నన్నూ అందులో పడేశారు. ఫిట్టర్ బాబాయి అప్పుడే పేరు పెట్టేశాడు. నేను కనిపిస్తే చాలు, పొలిట్‌బ్యూరో గారొస్తున్నారు జరగండర్రా అంటాడు. నవ్వేస్తున్నాను గానీ ఆ మాటకు అర్థం నాకు తెలిస్తేగా.

మార్చి 5, సాయంత్రం
హిస్టరీ టీచరైన వదినను అడిగాను. పార్టీలో అన్నీ తేల్చేసే పిడికెడుమంది కమిటీ అట. రష్యన్ వాళ్ళు పొలిటికల్ బ్యూరోను కుదించి అలా పిలిచారట. మరి బ్యూరో అంటే ఏంటన్నాను. ఆఫీసు అంది. అంతకుముందు రాతబల్ల. ఇంకా ముందు, ఫ్రెంచిలో, బల్ల మీద పరిచే ముతక ఉన్ని గుడ్డ.

మేం నేసేది అదే. గుడ్డ పేరు బల్లకు, బల్ల పేరు గదికి, గది పేరు లోపల కూర్చున్న వాళ్ళకు వచ్చింది. ఎన్ని దేశాల తలరాతలు రాశారో ఆ బల్లల మీద. అడుగున నాలాంటిదెవరో నేసిన గుడ్డ. ఇంటికొచ్చి నా చేతులు నేనే చూసుకుంటూ కూర్చున్నాను. పొయ్యి మీది పాలన్నీ పొంగిపోయాయి.

మార్చి 6
మీటింగు బల్ల మీద, మిల్లులో నా పక్క మగ్గం మీద నేసే అక్క గుడ్డ పరిచాను. నాకు మగ్గం నేర్పింది అక్కే. గర్వంగా ఉంది.

మార్చి 9
అక్క నేసిన గుడ్డ థాను కొన్నవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. పోగులు తప్పాయట. కమిటీ ఛైర్మన్ మీటింగు గది తలుపు మూయించాడు. ఆమెను పనిలోంచి తీసేద్దామన్నారు. ఓటింగు ఎల్లుండి. అక్కను పిలవలేదు.

మార్చి 10
అక్క పలకరిస్తే తల తిప్పుకున్నాను.

మార్చి 11
మా మిల్లులో ఒక పద్ధతుంది. గుడ్డను కిటికీ వెలుగుకు ఎత్తి తప్పులు చూసేటప్పుడు, రెండో కొస నేసినవాళ్ళే పట్టుకోవాలి. వాళ్ళు లేకుండా తప్పు రాయరు. ఇవాళ చేతులెత్తబోతుంటే బల్ల మీది గుడ్డ లాగేశాను. టీ కప్పులు పగిలాయి. కిటికీకి ఎత్తి పట్టుకుని, రెండో కొస ఎవరు పట్టుకోవాలని అడిగాను. ఛైర్మన్ కూడా ఒకప్పుడు నేసినవాడే. వెళ్ళి అక్కను పిలుచుకు రమ్మన్నాడు.

అక్క వచ్చి కొస పట్టుకుంది. చూపు ఆనడం లేదనీ, ఇంటికి పంపేస్తారని దాచాననీ తనే చెప్పింది. దారం కండెలకు చుట్టే పనిస్తే చేతి స్పర్శతోనే చేస్తానంది. అలాగే ఇద్దామని ఐదు చేతులూ లేచాయి. నాకు ఏడుపు ఆగలేదు.

మార్చి 12
మీటింగు. బల్ల బోసిగా ఉంది. తలుపు తీసే ఉంది. ఫిట్టర్ బాబాయి తొంగిచూసి, మమ్మల్ని ఏమని పిలవాలో తోచక, తనూ వచ్చి కూర్చున్నాడు.