తొక్కిన మనిషి పేరు

క్రీడా శాఖ అధికారి గారి సముఖానికి

అయ్యా,

విషయం: స్టేడియం ముఖద్వారం వద్ద నిలపబోయే మహా క్రీడాకారుల శిలాఫలకంపై, సైకిల్ పోటీల క్రీడాకారిణి అయిన నా భార్య (కీర్తిశేషురాలు) పేరు చేర్చడం గురించి, చేర్చడానికి వీలులేదంటూ తమ కార్యాలయం ఇచ్చిన జవాబును పునఃపరిశీలించడం గురించి.

నేను ఒక ముద్రణాలయంలో ప్రూఫు రీడరును. నా భార్య పోయి ఆరు నెలలైంది. ఫలకం కోసం దరఖాస్తు పెట్టింది నేను కాదు, ఆమె జట్టువారు. అందులో చిరునామా మా ఇంటిది ఇచ్చినందువల్ల జవాబు నా చేతికి వచ్చింది. అందుచేత ఈ మనవి నేను చేసుకోవలసి వస్తున్నది.

1. తమ జవాబులో రెండు కారణాలు చూపారు. మొదటిది: "సదరు వ్యక్తి సైకిల్ నడిపిన వారే గాని, శారీరక సామర్థ్యంతో రాణించిన క్రీడాకారుల కోవలోనికి రారు. వేగము యంత్రమునకు చెందును." రెండోది: "సదరు వ్యక్తి ఏ పోటీలోనూ ప్రథమ స్థానము పొందినట్లు ఆధారము లేదు." రెండో కారణంలోని సంగతి నిజమే. మొదటి కారణంలో ఒక క్రియాపదం తప్పు పడింది.

2. మన భాషలో కారు నడుపుతారు. బస్సు నడుపుతారు. కచేరీ నడుపుతారు, సంసారం కూడా నడుపుతారు. సైకిలును మాత్రం తొక్కుతారు. పుట్టి బుద్ధెరిగిన ఎవరూ "సైకిల్ నడిపాను" అనరు, దిగి పక్కన పట్టుకుని తోసుకుపోతే తప్ప. నడిపే మనిషికి కింద ఇంజను ఉంటుంది. తొక్కే మనిషికి తొడలు ఉంటాయి. తమ జవాబు తయారుచేసిన వారు నిజమైన మాట రాసి ఉంటే, ఆ మాట దగ్గరే చెయ్యి ఆగి, తరవాతి వాక్యం రాసి ఉండేవారు కాదని నా నమ్మకం. ఇది హాస్యానికి రాస్తున్నది కాదు. ఉద్యోగరీత్యా అబ్బిన అలవాటు.

3. జవాబు అందిన వారం నేను స్వయంగా తమ కార్యాలయానికి వచ్చాను. తమరు క్యాంపులో ఉన్నారు. సూపరింటెండెంటు గారు మర్యాదస్తులు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించారు.

"మీరు చదువుకున్నవారు, మీకు నేను చెప్పేదేముంది సార్? మా బావమరిది రోజూ సైకిల్ మీదే డ్యూటీకి పోతాడు. రేప్పొద్దున వాడొచ్చి, బావా నా పేరూ చెక్కించమంటే నేనేం చెయ్యను?" అన్నారు.

"పరుగు పందేల వాళ్ల పేర్లు చెక్కిస్తున్నారు కదండీ. బస్సు కోసం అందరమూ పరిగెడతాం," అన్నాను.

పక్క బల్ల దగ్గర టైపిస్టు గారు తల ఎత్తకుండానే, "మనం పరిగెత్తడం చూసే కదండీ ఆ బస్సు కదిలేది," అన్నారు. సూపరింటెండెంటు గారు నవ్వలేదు.

"నువ్వూరుకోవమ్మా. అది వేరు సార్. పరిగెత్తేవాడి కాళ్లకింద చక్రాలుండవు. ఇక్కడ సగం పని ఆ సైకిలే చేసిపెడుతుంది. అవునా, కాదా? మీరే చెప్పండి."

నమస్కారం చేసి వచ్చేశాను. ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ రాస్తున్నాను. సదరు సైకిలు మా ముందుగదిలో కిటికీ కింద ఆనించి ఉంది. గొలుసుకు నూనె వేస్తున్నాను. టైర్లకు గాలి కొడుతున్నాను. అది చేసిపెట్టే సగం పని ఈ ఆరు నెలల్లో ఒక్కసారీ చేయలేదు.

4. శారీరక సామర్థ్యం గురించి. వానల రోజుల్లో నా భార్య ఇంట్లోనే సాధన చేసేది. నేలమీద ఇనుప చట్రంలో మూడు గొట్టాలు ఉంటాయి, చక్రాలు వాటి మీద తిరుగుతాయి, మనిషి ఉన్నచోటనే ఉంటుంది. కింద పరిచిన పాత దుప్పటి కాసేపటికి చెమటతో తడిసి ముద్దయ్యేది. ఆ దుప్పటిని నేను బాల్కనీలో పిండేవాణ్ణి. కింది వాటాలో ఉండే దర్జీ ఆ గొట్టాల మోత విని, మెట్ల దగ్గర ఎదురైనప్పుడు, "ఏం అక్కగారూ, ఇవాళ ఎందాకా వెళ్లొచ్చారు?" అనేవాడు.

"వంటింటి గడప దాకా," అనేది ఆమె.

"పొద్దుట్నుంచీ తొక్కితే అంతేనా?"

"ఎదురుగాలి తమ్ముడూ."

పోటీ ముందు రోజుల్లో ఆమె మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని పక్కవాటుగా దిగేది. తొడలు అంత నొప్పిగా ఉండేవి. అదే మనిషి తెల్లవారి కొండ దారిలో, గుర్తుగా పాతిన రాళ్లన్నీ వెనక్కి పోతుంటే, నోరు తెరుచుకుని, ముక్కు కారుతుంటే తుడుచుకోవడానికైనా చెయ్యి తియ్యకుండా ఎక్కుతుండేది. కొన్ని క్రీడల్లో అలసిన మనిషిని కూర్చోబెట్టి మరొకరిని పంపుతారు. ఇక్కడ అలసిన తరవాతనే పోటీ మొదలవుతుంది. ఆమె దీన్ని గొప్పగా చెప్పుకోగా నేను వినలేదు. "చాలా బాగా చచ్చాను ఇవాళ," అని మాత్రం అనేది. అప్పట్లో ఆ మాటకు ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

5. ఆధారం గురించి. తమ కార్యాలయం అడిగిన తరహా ఆధారం నా దగ్గర లేదు. ఉన్నది చెబుతున్నాను.

నా భార్యను ఆసుపత్రిలో చేర్చిన మొదటి మధ్యాహ్నం, మంచం పక్కన పెట్టిన యంత్రం అదేపనిగా కూయసాగింది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి భుజం పట్టి ఊపింది. "ఆంటీ! ఆంటీ! కళ్లు తెరవండి!"

"తెరిచే ఉన్నాయి కదమ్మా. ఏమైంది?"

"నాడి నలభై చూపిస్తోంది ఆంటీ!"

"నలభై నా మామూలే. నా గుండెకు తొందర తక్కువ. నువ్వు కూర్చో, నీ గుండే దడదడలాడుతోంది."

డాక్టరు గారు వచ్చి చాలాసేపు విన్నారు. "ఏం చేసేవారమ్మా మీరు?" అని అడిగారు. "సైకిల్ తొక్కేదాన్నండీ," అంది. ఆయన కేస్ షీటు మీద "క్రీడాకారిణి గుండె. నలభైకి కంగారు పడవద్దు" అని రాసి, కింద గీత గీశారు. ఆమె ఆ కాగితం వంక చూసి, "చూశావా, పెద్దవాళ్లు ఒప్పుకున్నారు," అని నాతో అంది. నా భార్యను క్రీడాకారిణి అని ఒక అధికారిక పత్రంలో రాయడం అదే మొదలు, అదే ఆఖరు.

కొన్నాళ్లకు డ్యూటీ మారి కొత్త నర్సమ్మ వచ్చింది. ఒక ఉదయం నేను ఫ్లాస్కు కడిగి తెచ్చేసరికి నవ్వుతూ ఎదురొచ్చింది. "సార్, గుడ్ న్యూస్. మేడం గారి నాడి నార్మల్‌కి వచ్చేసింది. ఎనభై!"

కదలకుండా పడుకున్న మనిషి గుండె ఎత్తు ఎక్కడం మొదలుపెట్టిందని నాకు అర్థమైంది. ఆ అమ్మాయి సంతోషం చూసి, "థాంక్స్ అమ్మా," అన్నాను.

ఈ అంశం అర్జీకి అనవసరమని తోస్తే తమరు తీసివేసి చదువుకోవచ్చును.

6. ప్రథమ స్థానం గురించి. నా భార్య ఏ పోటీలోనూ మొదటి స్థానంలో రాలేదు. రాకపోవడం ఆమె పని. ఇది తెలియని వారికి వింతగా ఉంటుంది కనుక వివరిస్తాను.

సైకిల్ పోటీలో తొక్కేవారికి అసలు శత్రువు పక్కవాడు కాదు, గాలి. ముందు ఉన్న మనిషి గాలిని చీల్చుకుంటూ పోతే, ఆ వెనకనే చక్రానికి చక్రం ఆనించినంత దగ్గరగా వచ్చే మనిషికి బలం మిగులుతుంది. అందుకని జట్టులో ఒకరిని గెలవడానికి దాచుకుంటారు. తక్కినవారు ఆ మనిషికి ముందుండి దారి పొడుగునా గాలి కాస్తారు. నా భార్య జట్టులో గెలవడానికి దాచుకున్నది కెప్టెన్‌ను. గాలి కాసినది నా భార్య. ఆడపిల్లలందరూ ఆమెను గోడక్క అని పిలిచేవారు. మా ఇంటికి ఫోను చేసి, "గోడ ఉందా బావగారూ?" అని అడిగేవారు.

కెప్టెన్ గెలిచిన పోటీలు తమ రికార్డుల్లో ఉన్నాయి. ఆమె దరఖాస్తును కూడా మొదటి కారణం మీదనే తోసిపుచ్చారని విన్నాను. అన్నిటికన్నా పెద్ద పోటీ గెలిచిన రోజు నేను ముగింపు గీత దగ్గర ఉన్నాను. ఆఖరి మలుపు దాకా నా భార్యే ముందు. మలుపు తిరగగానే పక్కకు ఒరిగింది, వెనక నుంచి కెప్టెన్ దూసుకుపోయింది. దండలు వేశారు, ఫొటోలు తీశారు. నా భార్య గీత దాటేసరికి కుర్చీలు మడతపెడుతున్నారు. ఒక వాలంటీరు, "కొంచెం పక్కకు రండమ్మా, తాడు చుట్టుకోవాలి," అన్నాడు.

ఇంటికి వచ్చాక అడిగాను. "నీకు ఒక్కసారైనా ముందు రావాలని ఉండదా?"

సబ్బుతో చేతుల మురికి వదిలించుకుంటూ, ఆశ్చర్యపోయినట్టు నా వంక చూసింది. "ముందే కదా ఉన్నాను. దారంతా నేనే ముందు. ఆఖర్న కాస్త పక్కకు తప్పుకున్నాను, అంతేగా."

తమ కార్యాలయం గీత దగ్గర కుర్చీ వేసుకుని చూసింది. ఆమె ముందున్న దారి అక్కడికి కనబడదు. ఇది నిందగా రాయడం లేదు. నేను కూడా ఆ రోజు అక్కడే నిలబడి ఉన్నాను.

7. కనుక తమకు మనవి చేసుకునేది ఏమనగా:

సైకిల్ పోటీల్లో తొక్కినవారిని పరుగు వీరులతో, ఈత వీరులతో సమానంగా క్రీడాకారులని గుర్తించవలెను. జవాబులోని "నడిపిన" అనే మాటను ఫైలులోనైనా సవరించవలెను. ఫలకంపై కెప్టెన్ పేరు, నా భార్య పేరు, ఆ క్రమంలోనే చెక్కించవలెను.

సైకిల్ పోటీలకు ఇచ్చే చోటు ఒక్క పేరుకే సరిపోయే పక్షంలో కెప్టెన్ పేరే చెక్కించవలెను. నా భార్య అదే కోరేది.

రాయి చెక్కేవారు వచ్చే నెలలో పని మొదలుపెడతారని టైపిస్టు గారు చెప్పారు. రాతి మీద దిద్దుబాట్లు కుదరవు కనుక, ఉలి పడేలోపే తమరు ఈ కాగితాలను చిత్తగించవలెనని వేడుకుంటూ,

తమ విధేయుడు,
గోడక్క భర్త

తా.క.: ఏడో అంశంలో ఒక్క పేరు గురించి రాసిన రెండు వాక్యాల మీద అడ్డంగా కనిపించే సిరా గీత నాది కాదు. సాక్షి సంతకం కోసం కెప్టెన్‌ను ఇంటికి పిలిచాను. నిలబడే చదివింది.

"ఇదేంటి బావగారూ? ఒక్క పేరే అయితే నాదెందుకు?"

"మీ అక్క ఉంటే అదే అనేది కదా."

"ఉంటే అనేది. నేనూ వినేదాన్ని. లేదు కదా! ఇప్పుడు నేనెవరి మాటా వినను," అని, బల్ల మీది నా పెన్ను తీసుకుని, ఆ వాక్యాలు కొట్టేసి, పైన నా భార్య పేరు రాసింది. సంతకం పెట్టి, కళ్లు తుడుచుకుంటూ పెన్నుతో సహా వెళ్లిపోయింది. అందుచేత ఈ నాలుగు ముక్కలూ పెన్సిలుతో రాయవలసి వచ్చింది. మన్నించగలరు.

శుభ్రంగా తిరగరాద్దామని కొత్త కాగితం తీశాను. కానీ పాత కాగితం మీద ఆ పేరు, పక్కన దిద్దుబాటు గుర్తుతో సహా ఉంది. కాగితం మార్చలేకపోయాను.

ఆ గీత చెల్లదని తమరు నిర్ణయించవచ్చును. చెల్లుతుందని నిర్ణయిస్తే నా వైపు నుంచి అభ్యంతరం లేదు.