జారుబల్ల మీద గొంగడి

నిడమనూరు

కల్పనక్కా,

ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

కోదాడలో మూసేసిన ప్లేస్కూల్ వాళ్ల పాత చెక్క జారుబల్లను మన వాకిట్లోకి తెచ్చాం. అందరూ స్లయిడ్ అంటారు గానీ నాకు జారుబల్ల అన్న మాటే ఇష్టం. పలికితే నోట్లోంచి జారినట్టే ఉంటుంది. పుచ్చిన మెట్టు మార్చాను, తుప్పు పట్టిన బోల్టులు తీసి కొత్తవి బిగించాను, వారం రోజులు గరుకు కాగితంతో రుద్దాను. నున్నగా అయిందని తాతకు చూపించాను. తాత గొర్రెల వెంట తీసుకెళ్లే గొంగడిని జారుబల్ల మీద పైనుంచి కిందికి లాగాడు. ఏడు చోట్ల ఉన్ని చిక్కుకుంది.

"నున్నగున్నదని నువ్వంటే అయితదా? పిల్లగాని తొడకు పేడు గుచ్చుకుంటే వాడు మల్ల ఎక్కుతడా?" అన్నాడు.

నాకు నా మేనల్లుడు రిత్వికే గుర్తొచ్చాడు. కిందటి నెల సూర్యాపేట పార్కులో జారుబల్ల మీంచి వాడే పట్టుతప్పి పడ్డాడని నీకు చెప్పాను. అది నిజం కాదక్కా. భయం పోతుందని వెనకనుంచి నేనే తోశాను. అప్పటినుంచి వాడు నా దగ్గరికి రావడం లేదు.

ఆ ఏడు చోట్లా మళ్లీ రుద్దాను. నిన్న లాగితే గొంగడి ఎక్కడా చిక్కుకోలేదు. వచ్చే ఆదివారం వాణ్ణి తీసుకురా. ఎక్కమని ఎవరినీ అననివ్వను. కింద ఆ గొంగడే పరుచుకుని కూర్చుంటాను. వాడు జారకపోయినా సరే, వచ్చి నా పక్కన కూర్చుంటే చాలు.

నీ తమ్ముడు